కొత్త కార్డుకి నిమ్మకాయ

మా ఆయన పోర్టు నుంచి బొగ్గు లోడు తోలే లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ కాలు మాట వినడం మానేసింది. ఇక లారీ ఎక్కొద్దన్నారు డాక్టరు. కంచరపాలెంలో మా వీధి చివర ఏ లారీ గేరు మార్చినా, మంచం మీద ఈయన చెయ్యి కదిలేది.

అది చూసి మా తమ్ముడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు వాడు, మా ఇంట్లో పాత కంప్యూటరుకి స్టీరింగు, కింద పెడల్సు తగిలించి లారీ గేమ్ పెట్టాడు. క్లచ్చుతో పని లేదు, కుడి కాలొక్కటి చాలు. ఆయన మొహం వెలిగింది. కానీ ఆ గేమ్ సాఫీగా నడిస్తేగా! స్టీరింగు తిప్పిన కాసేపటికిగాని లారీ తిరిగేది కాదు. రోడ్డు ఆగి ఆగి గెంతేది. ఆయనకి తల తిరిగి వాంతి వచ్చేది. ఘాట్ రోడ్డు బస్సులో పిల్లలకి చూపించినట్టు, వాసన చూపించడానికి నిమ్మకాయ పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

ఒకరోజు తమ్ముడు వచ్చినప్పుడు ఆయన స్టీరింగు మీద తువ్వాలు కప్పేశాడు.

"తీసుకుపోరా. ఎన్ని బళ్లు తోలినోడిని, బొమ్మ లారీకి కూడా నాను పనికిరాను."

"తప్పు నీది కాదు బావా, బొమ్మలు చూపించే కార్డుది. ముసిలిది, అందుకోలేక ఆయాసపడిపోతంది," అన్నాడు తమ్ముడు.

తర్వాత ఎవరో వాడి తీసేసిన కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. ఇటుకంత ఉంది, రెండు ఫ్యాన్లతో. డబ్బా మూత విప్పి, దుమ్ము ఊది, పాతది పీకి కొత్తది గుచ్చాడు. దీనికి కరెంటు ఎక్కువ కావాలట, లోపలి పవర్ సప్లై కూడా మార్చాడు.

"ఎక్కు బావా."

"ఏటి ఎక్కేది? మళ్లీ కక్కించడానికా?" అంటూనే తువ్వాలు తీశాడు.

నేను నిమ్మకాయతో సిద్ధంగా నిలబడ్డాను. లారీ కదిలింది. గేమ్‌లో వాన మొదలైంది, వైపర్లు ఆడుతున్నాయి. మలుపులో ఆయన తిప్పగానే బండి తిరిగింది. ఇంకో మలుపు. ముక్కు దగ్గరికి నిమ్మకాయ తీసుకెళ్తే మోచేత్తో నెట్టేశాడు.

"అడ్డు లెగవే, అద్దం కనపడ్డం లేదు!"

లోడు దించి, బండి ఆపి, అప్పుడు నా వైపు చెయ్యి చాపాడు. నిమ్మకాయ పట్టుకుని వంగాను.

"తల తిరుగుతందా?"

"తలా లేదు ఏటీ లేదు. కొత్త బండికి నిమ్మకాయ తొక్కించవేటే?"

టైర్లేవి దానికి? యాక్సిలరేటరు పెడల్ కింద పెట్టాను. ఆయన ఒక్క తొక్కు తొక్కితే రసం తమ్ముడి ప్యాంటు మీద చిమ్మింది.

"బావా, పెడల్ పాడైపోద్ది!"

"బండి పూజకని సింహాచలం కొండకి మోసుకెల్లమన్లేదు, సంతోషించు."

తడిగుడ్డ తెచ్చి పెడల్ నేనే తుడిచాను. నా తమ్ముడి కడుపు చల్లగా ఉండాలి.