మా ఆయన బండి తిరిగిన కిలోమీటర్లు

మా కోనసీమలో స్పోర్ట్స్ బైకులు తిరగవు, ఉంటాయి. కొత్త డాబా పోర్టికోలోనో, పాత పెంకుటింటి అరుగు పక్కనో దుప్పటి కప్పుకుని ఉంటాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాడు మోజుపడి కొంటాడు. సెలవున్నన్నాళ్ళూ మెయిన్ రోడ్డు మీద చెవులు చిల్లులు పడేలా చప్పుడు చేస్తాడు. సెలవయిపోగానే తాళం మేకుకి తగిలించి విమానమెక్కుతాడు. ఆ తరవాత బండికి వారానికోసారి స్నానం, దసరాకి నిమ్మకాయలు, దగ్గరవాళ్ళ పెళ్ళయితే ఊరేగింపు ముందు ఒక షికారు. అంతే. అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం, పెళ్ళికూతురి గుణం చెప్పినట్టు, "మీటరు చూడండి, ఎంత తక్కువ తిరిగిందో" అంటారు.

నేను కొట్లో పెరిగినదాన్ని. రాజోలులో మా నాన్నగారిది కిరాణా కొట్టు, పక్కన బాబాయిది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది ఇనప సామాన్ల కొట్టు. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. ఇప్పుడు మలికిపురం సెంటర్లో, ఇంటి ముందరే స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నాను. దేవుడు వరమిస్తానన్నా, "ఇంకోటి కలిపి ఇవ్వండి" అని అడిగే రకం నేను.

మా ఆయన కువైట్‌లో ట్రైలరు నడిపేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నాకు సెలవుల్లో వచ్చే మనిషే. అక్కడి కంపెనీ మూతపడి పూర్తిగా ఇంటికి వచ్చేసినప్పుడు ఆయనకి యాభై దగ్గరపడ్డాయి. వచ్చి ఒకే ఒక్క కోరిక కోరారు, స్పోర్ట్స్ బైకు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. దాంతో సెకండ్‌హ్యాండులో ఎర్రదొకటి ఉందని తెలిసి, ఇద్దరం అమలాపురం వెళ్ళాం.

"ఎంత తిరిగిందండీ?" అని అడిగాను బండి తాలూకు పెద్దాయన్ని.

"రెండు వేలండి. గుడికీ పెళ్ళికీ తప్ప బయటికి తియ్యలేదండి, ఆయ్."

"అదేనండీ నా భయం. తిరగని బండి ఏం బండండీ? టైర్లు గట్టిపడిపోయుంటాయి, బ్యాటరీ చచ్చుంటది. కూర్చోబెట్టిన బండీ, కూర్చోబెట్టిన మొగాడూ ఒకటేనండి. పైకి నిగనిగ, లోపల తుప్పు."

పెద్దాయన తెల్లబోయాడు. ధర దిగింది. మా ఆయన నా పక్కనే ఉన్నారు, చిన్నగా నవ్వారు కూడా. బేరం గెలిచిన సంబరంలో ఆ నవ్వు ఎలాంటిదో చూసే తీరిక నాకు లేకపోయింది.

బండి ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే ఆయన తిరగడం మొదలెట్టారు. పొద్దున్న టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం ఒకసారి కనపడేవారు, లేదా కనపడేవారు కాదు. మా కొట్టుకి ఎదురుగా ఉన్న బట్టల కొట్టతను నన్ను అక్కయ్యగారని, ఆయన్ని బావగారని పిలుస్తాడు. ఆ వరసకి తగ్గ ఎకసెక్కం కూడా ఉంది.

"అక్కయ్యగారూ, బావగారు పాల వ్యానేమన్నా పెట్టేరేంటండీ?"

"ఏం తమ్ముడుగారూ?"

"పొద్దున్న కొత్తపేటలో కనపడ్డారంట. మధ్యాహ్నం మురమళ్ళ గుడి దగ్గర టీ తాగుతున్నారంట. ఇప్పుడేమో రాజోలు సెంటర్లో ఉన్నారంటండి. పాల వ్యానుకయినా ఓ లైనుంటది కదండీ."

"మీ కొట్లో గిరాకీ లేకపోతే మీరూ తిరగండి. ఎవరు కాదన్నారు?"

నోరు అలా అందిగానీ, లోపల నాకూ అదే ప్రశ్న. ఆ బండి మీటరు తాళం తిప్పితేగానీ వెలగదు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులోంచి తాళం తీసి, తుడుస్తున్నదానిలా బండి దగ్గరకి వెళ్ళి, అంకెలు చూసి వచ్చేదాన్ని. ఒక్కో రోజు నూట యాభై, ఒక్కో రోజు రెండొందలు. ఎవరి బండీ ఏడాదికి తిరగనంత మా బండి పదిహేను రోజుల్లో తిరుగుతోంది.

"ఎక్కడికెళ్ళేరండీ?"

"అలా."

"అలా అంటే?"

"అలా అంటే అలాగే."

ఒక రోజు మాత్రం చేతులు కడుక్కుంటూ తనంతట తనే చెప్పారు. "ఇక్కడ రోడ్డు అయిపోతోందే. అక్కడ పొద్దున్న ఎక్కితే సాయంత్రం దాకా అయ్యేది కాదు. ఇక్కడ గేరు మార్చేలోపు కాలవ, కాలవ దాటితే ఊరు, ఊరు దాటితే గోదారి. పోనీ ఇటు తిరిగితే సముద్రం. ఎటెళ్ళినా నీళ్ళే."

"అయితే సముద్రం మీద వంతెన కట్టమని ఎమ్మెల్యేకి అర్జీ పెట్టండి," అన్నాను.

ఆయన తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

తరవాత కొన్నాళ్ళకి, కూతురి సారెకి సామాన్లు కొనడానికి ఆలమూరు వైపు నుంచి ఒకావిడ కొట్టుకి వచ్చింది. ఇత్తడి బిందె చేత్తో తట్టి చూస్తూ, బయట నిలిపి ఉన్న బండిని చూసింది.

"ఆ ఎర్రబండాయన మీవారాండీ?"

"అవునండీ. ఏం?"

"మా వారికి జొన్నాడ దగ్గర గోదారి వంతెన మీద రోజూ కనపడతారండి. బండి స్టాండేసి రెయిలింగు పట్టుకుని నిలబడతారంట. మొన్న మా వారు ఆగి, పెట్రోలు అయిపోయిందాండీ అని అడిగితే, పెట్రోలుందండి, నేనే అయిపోయేను అన్నారంట. నవ్వుతూనే అన్నారంటలెండి." అని, "ఇంతకీ బిందె ఎంతకిస్తారు?" అంది.

ఎంత చెప్పానో గుర్తులేదు. ఆవిడ అడిగిన ధరకే ఇచ్చేశాను. ఆవిడ అనుమానంగా బిందెని మళ్ళీ తిప్పి చూసుకుని వెళ్ళింది.

నాకు తెలిసిన విద్య ఒకటే, బేరం. ఆ రాత్రి భోజనాల దగ్గర దాన్నే బయటికి తీశాను. జొన్నాడ మా ఊరికి దూరం. తిరిగే దూరం తగ్గిస్తే ఆయన ఆ వంతెన దాకా చేరలేరు. అంతే నా లెక్క. మనిషి ప్రాణాన్ని కిలోమీటర్లలో కొలిచిన తెలివి నాది.

"రోజుకి ఇరవై కిలోమీటర్లు మించి తిరగడానికి వీల్లేదండి," అన్నాను.

ఇరవై అంటే ఆయన నూరంటారు. నేను ముప్ఫై అంటాను. చివరికి యాభైకి తెగుతుంది. మనసులో అదంతా సిద్ధం చేసుకుని ఉన్నాను.

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "సరే," అన్నారు.

మా నాన్నగారు కొట్లో కుర్రాళ్ళకి చెప్పే మాట ఒకటుండేది. మొదటి ధరకే సరే అన్నవాడికి సరుకు పొట్లం కట్టకండిరా, వాడు కొనడు. కొనేవాడు పోట్లాడతాడు, పెదవి విరుస్తాడు, వెళ్ళిపోయినట్టు నటిస్తాడు. ఏమీ అనకుండా సరే అన్నవాడు అప్పటికే గడప దాటేశాడన్నమాట. ఆ రాత్రి నేను పడుకోలేదు. ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన ఇరవై కూడా తిరగలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. నా పాత చీర ఒకటి అడిగి తీసుకుని బండికి కప్పేశారు. పొద్దున్నే కొట్లోకి వచ్చి, వెనక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నేను కోరుకున్నదీ అదే కదా. మనిషి కళ్ళెదుటే ఉన్నాడు, మీటరు కదలడం లేదు. కానీ స్టీలు కొట్లో కూర్చున్న మనిషికి ఎటు చూసినా తన మొహమే. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, ఆయన ముందున్న అరలో పళ్ళేలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి.

తిండి తగ్గింది. కువైట్ స్నేహితులు ఫోను చేస్తే మోగనిచ్చేవారు. బట్టల కొట్టతను కూడా ఎకసెక్కాలు మానేసి, "బావగారికి ఒంట్లో బాలేదాండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు. అలా గొంతు తగ్గించాక నాకు నిజంగా భయం వేసింది.

అప్పుడు మొదలెట్టాను తిరుగు బేరం.

"ఏమండీ, ఓ పది కిలోమీటర్లు తిరిగి రండి."

"ఎందుకు?"

"బ్యాటరీ పాడవుద్దండి."

"పాడవనీ."

"పోనీ రాజోలు దాకా. నాకు దారం ఉండ కావాలి."

"ఎదురు కొట్లో ఉందిగా."

"అయితే నూరు తిరగండి. రెండొందలు తిరగండి. నేనేం అనను."

"ఇరవై అన్నది నువ్వే కదే."

"నాకు బుద్ధి లేక అన్నానండి."

"ఫరవాలేదులే," అన్నారు, ఎవరో పరాయి ఆడమనిషిని ఓదార్చినట్టు.

కొనేటప్పుడు తగ్గించడం, అమ్మేటప్పుడు దిగకపోవడం. మా వంశంలో అందరికీ ఈ రెండే వచ్చు. వద్దన్నవాడి చేతిలో ఊరికే పెట్టడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. ఆ వారమంతా రోజుకో అంకె చెప్పాను, అన్నిటికీ తల అడ్డంగా ఊపారు. చివరికి అంకెలన్నీ అయిపోయి, "నన్ను జొన్నాడ తీసుకెళ్ళండి," అన్నాను.

ఆయన తలెత్తారు. "నువ్వా? ఆ సీటు మీదా?"

ఆయన దేనికయినా ఆశ్చర్యపోయి ఎన్నాళ్ళయిందో.

ఆ బండి వెనక సీటు కొబ్బరిచిప్పంత ఉంటుంది, అదీ ఆకాశంలో ఉంటుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, బట్టల కొట్టతను తెచ్చిన స్టూలు మీదికెక్కి, అక్కణ్ణుంచి బండెక్కాను. ఇంకొకప్పుడయితే సెంటరంతా చేరి నవ్వేది. అతను స్టూలు పక్కకి లాగి, "జాగ్రత్త అక్కయ్యగారూ, గట్టిగా పట్టుకోండి," అన్నాడంతే. నేను మా ఆయన చొక్కా రెండు గుప్పిళ్ళతో పట్టుకున్నాను. జొన్నాడ దాకా వదల్లేదు.

వంతెన మధ్యలో బండి ఆపారు. లారీ వెళ్ళినప్పుడల్లా కాళ్ళకింద వంతెన వణుకుతోంది. కింద గోదావరి నిండుగా ఉంది. ఆయన రెయిలింగు మీద చేతులు వేసి, తనకి అలవాటైన చోటే నిలబడ్డారు. నేను ఆయన చొక్కా మళ్ళీ పట్టుకున్నాను.

"ఇక్కడ దేనికి నిలబడతారండీ? దూకుదామనా?"

ఒక ట్రైలరు వెళ్ళేదాకా ఆగారు. "ఒకోరోజు," అన్నారు.

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు బళ్ళు చూస్తాను."

ధర నచ్చనప్పుడు కొట్లో అనే మాట నోటికొచ్చింది. "ఇంకో మాట చెప్పండి."

ఆయన నావైపు తిరిగారు. నవ్వబోయి ఏడ్చేశారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏడ్చినప్పుడల్లా వేరే దేశంలో ఉండి ఉంటారు.

"ఇంకో మాట లేదే నా దగ్గర," అన్నారు.

"అయితే డాక్టరు దగ్గరకి వెళ్దాం రండి. అమలాపురం. ఇప్పుడే."

"చూద్దాం."

"చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసండి. పొద్దుట్నుంచీ పది మంది అంటారా మాట నాతో. ఒక్కరూ మళ్ళీ రారు. బండి తియ్యండి."

తీశారు. అమలాపురంలో డాక్టరమ్మగారు ఆయన్ని ఒక్కర్నే కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. తరవాత నన్ను పిలిచారు. మాత్రలు రాసిచ్చారు, వారం వారం రమ్మన్నారు, బండి తిరగనివ్వమన్నారు. ఆఖర్న ఆయనతో, "ఆ వంతెనకి ఒంటరిగా వెళ్ళనని నా ముందు మాటివ్వండి," అన్నారు.

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

"జన్మంతా అయితే ఇవ్వలేనండి," అన్నారు. "ఓ నెల్లాళ్ళకయితే ఇస్తాను."

డాక్టరమ్మగారు నన్ను చూశారు. నేను గబగబా తల ఊపాను. ఇంకాస్త అడగమని నా నాలుక దురద పెట్టింది. పళ్ళతో కొరికి పట్టుకున్నాను.

అప్పట్నుంచీ ఆయన తిరుగుతున్నారు, మునుపటంత కాదు. మాత్రల మత్తుకి కొన్ని రోజులు పది దాటదు, కొన్ని రోజులు బండి ముట్టుకోరు. నేను ఎన్ని కిలోమీటర్లని అడగను. బండి చప్పుడు సెంటరు మలుపులో వినపడేదాకా ఏ గిన్నె ధరా సరిగ్గా చెప్పలేను. గిరాకీలకి అది తెలిసిపోయింది. సాయంత్రాలు వచ్చి నన్ను దోచుకుపోతున్నారు.

నిన్న వచ్చాక లోపలికి రాకుండా బండి పక్కన గొంతుకూర్చుని వెనక టైరు తడుముతున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అరిగిపోయిందే. వానొస్తే జారుద్ది. మార్చాలి."

"మార్పించండి."

"ఈ సైజు ఇక్కడ దొరకదు. కాకినాడ నుంచి తెప్పిస్తానన్నాడు మెకానిక్కు."

"అడ్వాన్సు ఇచ్చేరా?"

"ఇచ్చేను."

"బేరమాడేరా?"

"లేదు."

లోపలికి వెళ్ళి అన్నం వడ్డించాను. ఆయన మారు వడ్డించమన్నారు.

ఆదివారంతో ఆయన మాటిచ్చిన నెల నిండుతుంది. టైరు మంగళవారంగానీ రాదట.