మేస్త్రీకి రోజుకో ప్రశ్న

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ టేబులక్క అంటారు. ఊరి కుళాయిలు, మీటర్లు, పైపులు, వాల్వులు అన్నీ కంప్యూటర్లో టేబుళ్లుగా ఉంటాయి. ఏ టేబుల్లో ఏ కాలమ్ ఉండాలో, ఏది పోవాలో చూసేది ఆమె. నాకు కంప్యూటర్ల గురించి తెలిసిందంతా మేడమీద బట్టలు ఆరేస్తూ ఆమెను అడిగి అడిగి తెలుసుకున్నదే. మాది పక్క వాటా.

బిల్లుల సెక్షన్ అతను వచ్చి, "అక్కా, ఒక్క కాలమ్ ఇప్పించక్కా, పుణ్యముంటుంది" అని బతిమాలితే, "మొన్న ఇచ్చినదాంట్లో ఏం పోశావు? అది ఈగలు తోలుకుంటోంది. ముందు దాన్ని నింపు" అంటుందట.

ఈ టేబుళ్లన్నీ ఉన్న డేటాబేస్ కట్టింది ఆమె భర్త. సిమెంటు ముట్టి ఎరగడు గానీ, పునాది నుంచి తనే కట్టాడని ఆఫీసులో ఆయన్ని మేస్త్రీ అనేవారు. ఆమె అప్పట్లో ఆయన దగ్గర వివరాలు ఎక్కించే ఉద్యోగి. "తప్పులు దిద్దించుకోవడానికి వెళ్లి వెళ్లి పెళ్లి దాకా వచ్చింది వదినా" అని నవ్వేది.

నిరుడు మేస్త్రీకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత నయం. మాట పోయింది, చదువూ పోయింది. అక్షరాల వంక చూస్తాడు, అవి ఆయనతో పలకవు. మనం చెప్పేది మాత్రం అంతా తెలుస్తుంది. "ఆయనకు బాగా తెలిసిన వాటి గురించి అడుగుతూ ఉండండి" అన్నాడు మాటలు నేర్పే డాక్టరు. ఆమె కూరగాయల పేర్లు అడిగింది, చుట్టాల పేర్లు అడిగింది. ఆయన మొహం తిప్పుకునేవాడు. తనను చంటిపిల్లాడిని చేసి ఆడిస్తున్నారనిపించేదేమో.

అంతలో ఆఫీసుకు ఏఐ వచ్చింది. టేబుళ్లనూ కాలమ్‌లనూ మార్చే పనిముట్టు ఒకటుంటే, కొత్త సారు ఈ ఏఐని దానికి కలిపించాడు. అది టేబుళ్లన్నీ చదివి, ఏం మార్చాలో రాసి పెడుతుంది. మనిషి సరేనంటేనే ఏదైనా మారుతుంది. ఆ మనిషి టేబులక్క. అర్థం కాని కాలమ్ కనబడితే అది మర్యాదగా అడిగేది: ఇది దేనికి, వాడకంలో లేకపోతే తీసేయవచ్చా అని.

మొదటి ప్రశ్న వాల్వుల టేబుల్లో 'వి.ఎల్.' అనే కాలమ్ గురించి. పాత కంప్యూటర్ పొడుగు పేర్లు ఒప్పుకునేది కాదట, అందుకని మేస్త్రీ అన్నిటికీ పొట్టి పేర్లు పెట్టాడు. ఏది దేనికో ఎక్కడా రాయలేదు. అడిగితే చెప్పడానికి తనున్నాడు కదా అనుకున్నాడు. ఆమెకూ తెలియలేదు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ఏమండీ, వాల్వుల్లో వి.ఎల్. అని ఏదో ఉంది. ఏఐ తీసేస్తానంటోంది. తీసేయమననా?"

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఎడమచెయ్యి ఎత్తి గాలిలో చక్రం తిప్పినట్టు తిప్పాడు. కాదని మళ్లీ రెండో వైపుకు తిప్పాడు. నుదుట చెమట పట్టింది. "ఎ... ఎదురు" అన్నాడు.

పాత వాల్వులు కొన్ని ఎదురువైపు తిప్పితేనే మూసుకుంటాయి. అవి ఏవో చెప్పే కాలమ్ అది. జబ్బు చేశాక ఆయన నోట వచ్చిన మొదటి మాట కూడా అదే. ఆమె వంటింట్లోకి వెళ్లి, కుళాయి విప్పుకుని ఏడ్చింది.

అప్పటినుంచి రోజుకో ప్రశ్న. సాయంత్రమయ్యేసరికి ఆయన ఎడమచేత్తోనే గడ్డం గీసుకుని తయారుగా ఉండేవాడు. పగలు నేను తోడుగా కూర్చుంటే నావంక కాదు, గడియారం వంక చూసేవాడు. ఒకసారి ఆమె తప్పుగా ఊహించి చెబితే "మొద్దు" అన్నాడట. "మొగుడు మొద్దంటే మురిసిపోయినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే వదినా" అంది నాతో. కొన్నిటికి జవాబు ఆమెకే తెలుసు. అయినా రాయకుండా ఇంటికి తెచ్చేది. పని నత్తనడక నడుస్తోందని ఆఫీసులో అనుకున్నా చెవిన పెట్టలేదు.

సారు చెడ్డవాడు కాదు. అక్క మీద భారం ఎక్కువైందనుకున్నాడు. పాత మార్పుల చరిత్ర, పైపుల మనుషులు ఏళ్ల తరబడి రాసిన ఫిర్యాదులు, అన్నీ ఏఐకి చూపించాడు. అది వాటిని కలిపి చదువుకుని, మిగిలిన కాలమ్‌లన్నిటికీ అర్థాలు రాసేసింది. ఆమె పట్టుబట్టి తప్పులు వెతికింది. దొరకలేదు.

"ఇక అందరినీ అడిగే బాధ తప్పిందక్కా" అన్నాడు సారు.

"చాలా మేలు చేశారు సార్" అంది.

ఆ సాయంత్రం ఆమె లోపల అడుగు పెట్టగానే ఆయన "ఊఁ" అన్నాడు, ఇవాళేమిటి అన్నట్టు. ఆమె ఉండబట్టలేకపోయింది. "మీటర్లలో పి.ఎస్.కె. అని ఒకటుందండీ. అదేమిటి?"

అలాంటి కాలమ్ లేదు. బస్సులో కూర్చుని అల్లిన పేరు. ఏదో ఒకటి చెబుతాడు, ఔనంటే పూట గడుస్తుంది అనుకుంది. కానీ ఏదో ఒకటి చెప్పే మనిషి కాదాయన. అన్నం తింటూ వెతికాడు, చెయ్యి కడుక్కుంటూ వెతికాడు. తొడ మీద వేలితో అడ్డగీతలు, నిలువుగీతలు గీసుకుని, ఒక్కో గడిలో వేలు పెట్టి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున ఆమె లేచేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

"పో... యింది" అని తల తట్టి చూపించాడు.

"అయ్యో, లేదండీ. అది నేను కల్పించాను. అసలు అలాంటిది లేనే లేదు."

ఆయన జాలిగా చూశాడు. ఓదార్చడానికి అబద్ధమాడుతోందనుకున్నాడు.

కాగితం చూపిద్దామంటే చదవలేడు. ఫోన్లో ఆఫీసు ఏఐని తెరిచి, ఆయన వినేలా పైకే అడిగింది. అది మీటర్ల టేబుల్లోని కాలమ్‌లన్నీ ఒక్కొక్కటే చదివింది. ప్రతి పేరుకూ ఆయన తల ఊపాడు, అన్నీ తెలిసినవే. చివరికి, పి.ఎస్.కె. అనే పేరుతో కాలమ్ లేదు అంది.

ఆయన ఫోన్ వంక చూడలేదు. ఆమె వంక చూశాడు.

"తీ... సే... శావు."

ఏది తీసేయాలన్నా సరేననేది ఆమేనని ఆయనకు తెలుసు. ఆమె ఒట్టు పెట్టుకుంది, చేతులు పట్టుకుంది. ఆయన పోనీలే అన్నట్టు భుజం తట్టాడు. "తిట్టినా బాగుండేది వదినా" అంది.

ఆవేళ ఆఫీసుకు వెళ్లి, పి.ఎస్.కె. అనే కాలమ్ చేర్చమని ఏఐని అడిగిందట. ఇందులో ఏం ఉంచుతారు, ఎవరు నింపుతారు అని అది అడిగింది. ఆమె వద్దని రాసి మూసేసింది. "ఆయన కట్టిన ఇంట్లో దొంగగది కట్టబోయాను" అంది.

మొన్న మళ్లీ మేడమీద కలిసింది. బట్టలు పిండుతూ, "నిజం ప్రశ్నే ఒకటొచ్చింది వదినా" అంది. పాత కంప్యూటర్లో ఉండిపోయిన పైపుల టేబుల్ ఒకటి ఈమధ్యే తెచ్చి కలిపారట. అందులో ఒక కాలమ్ ఏఐకీ అంతుపట్టలేదు, సారుకూ తెలియలేదు. పరుగున ఇంటికి తెచ్చిందట.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"తెలీదన్నాడు. నేనింకా కాలమ్ పేరే చెప్పలేదు."

ఆ కాలమ్ తీసేయడానికి ఆమె సరే అనాలి. ఇంకా అనలేదు. ఏఐ మర్యాదగా రోజూ గుర్తు చేస్తూనే ఉంది.