అవ్వ నింపిన ఇరవై రెండు డబ్బాలు

నేను తొందరగా క్షమించే మనిషిని కాదు. నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు గారిని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ కడుపు మంటే. ఆయన రిటైరయ్యారని విన్నప్పుడు కాస్త జాలి పడదామని ప్రయత్నించాను, రాలేదు.

తొంభైల మధ్యలో, మేడ్చల్ వైపున్న ఒక వైద్య కళాశాలలో పీహెచ్‌డీలో చేరాను. మాది శామీర్‌పేట దగ్గరున్న లాల్‌గడి మలక్‌పేట్ అనే పల్లె. నాట్లకు పోయే ఆడవాళ్లు వట్టి కాళ్లతో తిరుగుతారు. కొంకి పురుగు తడి మట్టిలోంచి పాదాల్లోకి దూరి, పేగులను కరుచుకుని రక్తం తాగుతుంది. పాలిపోయిన మొహంతో, ఆయాసపడుతూ నాట్లు వేసే మా అమ్మను చూస్తూ పెరిగాను కాబట్టి ఆ అంశం నేనే ఎంచుకున్నాను. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో నలభై అయిదేళ్ల లోపు కూలి ఆడవాళ్ల మలం పరీక్షించి, ఎవరికి పురుగులున్నాయో తేల్చడం నా పని.

మేడ్చల్‌లో ఒక ఫోటో స్టూడియో ఆయన్ని బతిమాలి ఖాళీ ఫిల్మ్ రీలు డబ్బాలు తెచ్చుకునేదాన్ని. మూత మీద నంబరు రాసి ఇంటింటికీ ఇచ్చి, మర్నాడు పొద్దున్నే ఏరుకునేదాన్ని. బస్సులో కండక్టరు నా సంచీ చూసి, "ఏందక్కా, టిఫినా?" అన్నాడొకసారి. "నీక్కావాల్నా?" అన్నాను. మా నాయిన మాత్రం, "డాక్టరు సదువంటివి, గీ పనేంది బిడ్డా?" అని తల పట్టుకున్నాడు.

దేవరయాంజాల్ దగ్గర ఒక వాడలో ఇరవై రెండు డబ్బాలు ఇచ్చాను. సగం తిరిగొస్తే గొప్ప అనుకుంటే ఇరవై రెండూ నిండి వచ్చాయి. మైక్రోస్కోపు కింద పెడితే అన్నింటిలోనూ కుప్పలుగా పురుగు గుడ్లు. సార్ చూసి కుర్చీలోంచి లేచారు. నేను లెక్కలు రాసిన రిజిస్టరు తీసుకుని తన బీరువాలో పెట్టుకున్నారు.

పురుగులు పోయే గోలీలు పట్టుకుని ఆ వాడకు వెళ్లాను. ఒక కోడలు పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మాకెందుకక్కా గోలీలు? డబ్బలన్నీ మా అవ్వయే" అంది.

అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ఆ వాడకంతటికీ పెద్దదిక్కు. ఏ బెరుకూ లేకుండా చెప్పింది. "పోరీలు సిగ్గువడ్డరు బిడ్డా. ఖాళీ డబ్బలిస్తే నువ్వు మల్లా వచ్చి పరేషాన్ అయితవని, ఒక్క పొద్దుగాల నేనే అన్నీ నింపిన."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆ ఆడవాళ్లకే కొత్త డబ్బాలిచ్చి, ఎవరిది వాళ్లే ఇచ్చేలా దగ్గరుండి చూసుకున్నాను. ఈసారి కొందరికే పురుగులున్నాయి. వాళ్లకు గోలీలిచ్చి, కొత్త రిజిస్టరు రాసుకున్నాను. సంగతి చెప్పబోతే సార్, "డబ్బాల గోల నాకెందుకమ్మా, రిజల్టు చూశాను చాలు" అన్నారు. అయినా కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదవలేదు.

ఏడాది తిరక్కుండా ఆ పాత రిజిస్టరంతా వ్యాసమై ఒక పత్రికలో అచ్చయింది. పైన ఆయన పేరు, పక్కన మైక్రోస్కోపు మొహం చూడని ఆయన మేనల్లుడి పేరు. నా పేరు ఎక్కడా లేదు. వెళ్లి అడిగాను.

"ఆ టాపిక్ అయిపోయిందిగా, ఇంకోటి చూసుకో. నువ్వు డబ్బాలు ఏరుకురావడానికి పనికొస్తావు, పేపర్లు రాయడానికి కాదు" అన్నారు.

నా డిగ్రీ అక్కడితో పోయినట్టే. ఏడుస్తూ ఇంటికొచ్చి ఆ వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులోని గొప్పంతా ఆ వాడ గురించే. ఒకే వాడలో ఒక్క ఆడమనిషి కూడా తప్పించుకోలేదట, దానికి మూడు పేజీల కారణాలు. ఏడుపు ఆగిపోయింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. ఆ తప్పు గురించి ఇక ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అవ్వను మాత్రం నెలకోసారి పలకరించి వచ్చేదాన్ని. ఆమె నా సాక్షి.

కొన్ని నెలలకు కళాశాలలో సదస్సు పెట్టారు. ముఖ్య ప్రసంగం సార్‌దే. "ఆ వాడ నుంచి ఒక ముసలమ్మను తీసుకురా, శాలువా కప్పుదాం, ఫోటో బాగుంటుంది" అని నాకే పురమాయించారు. నాకు ఇంకేం కావాలి?

అవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చింది. వేదిక నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసంతో నా భుజం పట్టుకుని నిలబడిపోయింది. వయసు కదా అనుకున్నాను. సార్ శాలువా కప్పి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "మా పరిశోధన గురించి రెండు ముక్కలు చెప్పమ్మా" అన్నారు.

"సల్లగుండు సారూ. గీ పిల్ల మా వాడల మస్తు తిరిగింది. ఇరవై రెండు డబ్బలిస్తే ఇరవై రెండూ నేనే నింపిన. ఒక్కటన్న ఖాళీ వోనియ్యలే."

హాలంతా గొల్లుమంది. ముందు వరుసలో కూర్చున్న, బయటి నుంచి పిలిచిన నిపుణుడు మాత్రం నవ్వలేదు. ఆ రిజిస్టరు ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. నేను సంచీలోంచి నా రెండో రిజిస్టరు, సార్ చదవని కాగితం నకలు తీసి ఆ నిపుణుడి చేతిలో పెట్టాను. సార్ నా వైపు చూశారు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఆ నిమిషం కోసం ఎన్నిసార్లు కలలు కన్నానో, దానికన్నా బాగుంది. తర్వాత వ్యాసం వెనక్కి తీసుకున్నారు, నాకు గైడు మారారు, నా అంశం నాకొచ్చింది. రెండు వేల సంవత్సరం దాటాక డిగ్రీ కూడా వచ్చింది.

ఆ సాయంత్రం అవ్వను బస్సులో తిరిగి తీసుకెళ్తున్నాను. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"గా సారు మొఖం గట్లెందుకయ్యింది బిడ్డా?"

"నా సదువు ఎత్తుకపోయిండవ్వా. ఇయ్యాల దొరికిండు."

"మంచిగైంది" అని నవ్వింది. శాలువా అంచు సర్దుకుంటూ అడిగింది. "గా డబ్బలన్నిట్ల పురుగులున్నయంటివి. అవి నాయే గద. మరి నాకు గోలీలియ్యవా?"

ఆమె కింది రెప్ప లాగి లోపల చూశాను. తెల్లగా ఉంది, నెత్తురు జాడ లేదు. నా లెక్క నలభై అయిదేళ్ల లోపు వాళ్లకే కాబట్టి ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. నెలనెలా వెళ్లి ఆమె బతికుందో లేదో చూసుకున్నాను గానీ, ఆ పురుగులు ఇంకా ఆమె కడుపులోనే ఉన్నాయని ఒక్కసారీ అనుకోలేదు. సంచీలో చెయ్యి పెట్టి వెతికాను. సార్ వ్యాసం నకళ్లు అయిదారు ఉన్నాయి. గోలీ ఒక్కటి కూడా లేదు.