అమ్మ పప్పు గిన్నెలో పెట్రోలు రంపం

నిన్న ఊళ్లో తెలీబంధా పేటలో ఒక రిపేరు షాపు దగ్గర కాలిన ఆయిలు వాసన గుప్పుమంది. మన రైల్వే క్వార్టర్స్ వాళ్లకి గుర్తుందా, మా నాన్న తుక్కు దుకాణంలో కొన్న పెట్రోలు రంపం?

దాని భాగాలన్నీ విప్పి అమ్మ పప్పు గిన్నెలో పెట్రోలు పోసి నానబెట్టాడు. రంపం లోపలెక్కడో చచ్చిన బల్లి ఒకటి నల్లటి జిడ్డు మీద తేలింది. నాన్న భాగాలు బయటికి తీయగానే, మిగిలిన పెట్రోలును అమ్మ గిన్నెతో సహా పారేసింది.

నాన్న ఆగలేదు. ఇంకా పొడవైన బ్లేడు, కొత్త చెయిన్ బిగించాడు. "అబ్ దేఖో, ఎలా కోస్తాదో!" అంటూ, పరీక్షకని పెరట్లో కాయలతో ఉన్న మునగచెట్టును పడగొట్టేశాడు.

"బాగానే కోస్తోందండీ. రేపట్నుంచి కూరలు కూడా దాంతోనే తరుక్కోండి," అంది అమ్మ.

ఆ పూట ఇల్లంతా పట్టిన పెట్రోలు కంపుకి మాకెవరికీ ముద్ద దిగలేదు. నాన్న మాత్రం జిడ్డుకి గోళ్లు నల్లబడ్డ చేత్తోనే అన్నం కలుపుకుని, మళ్లీ వడ్డించుకున్నాడు.