వేళ కాని వేళ మోగిన సైరన్

ఈ మధ్యాహ్నం చర్చిలో గుడ్ ఫ్రైడే పాట నేర్పిస్తున్నాను. సిలువ దగ్గర నిలబడ్డ మరియమ్మ దుఃఖం మీద శుభపంతువరాళిలో నేను కట్టిన కీర్తన అది. పాడేవాళ్లంతా గని కార్మికుల భార్యలు. స్వరం తప్పడం లేదు కానీ దుఃఖం పలకడం లేదని మొన్నటి నుంచి వాళ్లను విసుక్కుంటున్నాను.

పల్లవి మధ్యలో సైరన్ మోగింది. అది షిఫ్టు మారే వేళ కాదు. మా గోదావరిఖనిలో వేళ కాని వేళ సైరన్ మోగితే గనిలో ఏదో జరిగిందనే భయం. మా తమ్ముడు లోపలే ఉన్నాడు. హార్మోనియం మీద నా వేళ్లు ఆగిపోయాయి.

"ఆపకు తమ్మీ," అంది సుజాతక్క. ఆమె భర్తదీ అదే షిఫ్టు.

"ఏమైందో తెల్సుకోవద్దా అక్కా?"

"ఫోన్ వచ్చేదాక పాడుదం. ఊకె కూసుంటే పానం పోయేటట్టున్నది."

పాడారు. నేను తలెత్తి వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. చరణం చివర్లో ఫోన్ వచ్చింది. ప్రమాదం కాదట, మాక్ డ్రిల్ అట.

కీర్తన కట్టినప్పుడు నా చెవిలో మోగింది సరిగ్గా ఇప్పుడు వాళ్లు పాడిన ఆ పాటే. ఇంకోసారి వినే ధైర్యం నాకు లేదు.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చికి రండి. దుఃఖం పలకలేదని మాత్రం అనకండి.