అక్క ఎక్కే స్టేషన్

రామగుండంలో పొద్దున బండెక్కితే మంచిర్యాల దాకా నా నోట మాట రాదు. అది నా తీరు. గోదావరిఖనిలో ఇంట్లో వంట, మా ఆయనకు డ్యూటీ టిఫిను, స్టేషన్ దాకా ఆటోవాడితో తగువు, ఇవన్నీ ముగించుకొని వచ్చి కూలబడ్డ మనిషిని ఎవరైనా పలకరిస్తే ఒళ్లు మండుతుంది. గోదావరి వంతెన మీద బండి దడదడలాడుతున్నా కళ్లు మూసుకొనే ఉంటాను. మంచిర్యాల దాటాక ఒక చిన్న స్టేషన్ ఉంది. అక్కడ బండి ఆగినప్పుడు మాత్రం కళ్లు తెరిచేదాన్ని. అక్కడ అక్క ఎక్కేది.

అక్క నాకు చుట్టం కాదు. బెల్లంపల్లిలో రెండిళ్లలో వంట చేసేది. నేను అదే ఊళ్లో సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసేదాన్ని, ఇప్పటికీ అదే పని. నా పనేమిటో మొదట విన్నప్పుడు, "అయితే రక్తం తాగి జీతం తీసుకుంటవన్నట్టు" అంది. వేరేవాళ్లంటే ఊరుకునేదాన్ని కాదు. ఆమె అన్న తీరుకు నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి ఆమె అక్క, నేను చెల్లె.

సాయంత్రం బండి అంటే మా ఇద్దరికీ సగం వంటిల్లు. బెల్లంపల్లి అంగట్లో కూరగాయలు కొని, కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చొని, ఒళ్లో పాత పేపరు పరుచుకొని కోసేవాళ్లం. ఇంటికి పోగానే పోపు వేసుకుంటే సరిపోవాలి. మా బోగీలో ఆడవాళ్లంతా అంతే. ఒకరు పుంటికూర తెంపుతుంటే ఇంకొకరు ఎల్లిపాయ పొట్టు తీసేవారు. అక్క ముందు దిగుతుంది కాబట్టి ముందు ఆమె కూరగాయలు ఇద్దరం కలిసి కోసేవాళ్లం. ఆమె దిగిపోయాక నావి నేనొక్కదాన్నే కోసుకోవాలి. ఇదెక్కడి న్యాయమని ఒకసారి గట్టిగానే అడిగాను. దూరం పోయేదానివి, నీకు టైము ఎక్కువ కదా అని తేల్చేసింది. న్యాయం చెప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరు, ఆ న్యాయం ఎప్పుడూ ఆమె వైపే ఉండేది.

ఏం మాట్లాడుకునేవాళ్లమో ఇప్పుడు రాద్దామంటే పెద్దగా ఏమీ దొరకదు. ఆమె బిడ్డ రెండో కాన్పు, మా ఆయన మోకాళ్ల నొప్పులు, ఆమె వండే ఇంటి అమ్మగారు నూనె కొలిచి పోసే తీరు. ఆమెకు బెండకాయ పడదు. ఎడమ మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చ ఉండేది. నవ్వితే చేత్తో నోరు మూసుకునేది. ఇవన్నీ తెలుసు నాకు. పేరు తెలియదు.

మేం పోట్లాడుకున్నది ఒక్కసారే, అదీ రైలు గురించే. రైళ్లు ప్రైవేటుకు ఇస్తారన్న మాట గట్టిగా వినబడుతున్న రోజులు. రామగుండం స్టేషన్‌లో రైల్వేవాళ్లు నల్లబ్యాడ్జీలు పెట్టుకొని తిరిగారు, సమ్మెకు పోతారని బోగీలో చెప్పుకున్నారు. మా ఆయనది బొగ్గుబాయిలో పని. బొగ్గు బ్లాకుల వేలం వద్దని వాళ్లూ సమ్మె చేసినవాళ్లే. రైళ్లు నాలుగు రోజులు ఆగితే బాయి మీద బొగ్గు గుట్టలు పడతాయని, జ్యోతినగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చల్లబడతాయని, అప్పుడు సర్కారు దిగొస్తుందని మా ఇంట్లో అన్నం ముందు విన్న మాటలన్నీ నేను బోగీలో వల్లించాను. అందరూ తలలూపారు. అక్క ఊపలేదు.

"ఎవలదైతే ఏంది చెల్లె? టైముకొస్తె సాలు" అంది. "బొగ్గు గూడ్సు పోయేదాక మనను ఔటర్ల నిలవెడ్తరు. ఆడ అమ్మగారు నా మీద ఎగురుతది."

నాకు తిక్క రేగింది. ప్రైవేటువాడు నీ మొహం చూసి బండి ఆపుతాడా అన్నాను. నీ మొగనికి పర్మినెంటు కొలువుంది కాబట్టి సమ్మెలు నీకు ముద్దు, నేను ఒక్క పూట పోకపోతే ఇంకొకామెను పెట్టుకుంటారు అంది. అందులో నిజం ఉంది కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది. కొన్నాళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం. ఎవరి కూరగాయలు వాళ్లం కోసుకున్నాం. తర్వాత ఒక సాయంత్రం ఏమీ జరగనట్టు చిక్కుడుకాయల సంచి తెచ్చి నా ఒళ్లో కుమ్మరించి, ఈనెలు తియ్యి, స్టేషన్ వస్తుంది అంది. తీశాను.

తర్వాత కరోనా వచ్చి రైళ్లన్నీ ఆగిపోయాయి. దవాఖానలో మాకు ఊపిరి సలపని రోజులవి. బొగ్గు కంపెనీ లారీలో, అంబులెన్సులో, ఏది దొరికితే దాంట్లో డ్యూటీకి పోయాను. అక్క ఎట్లుందో అనుకునేదాన్ని కానీ, అడగడానికి నంబరు లేదు. రేపు పొద్దున కనబడే మనిషికి ఫోను నంబరెందుకని ఇద్దరికీ తోచనే లేదు.

బండి మళ్లీ మొదలైన రోజు పెళ్లికి పోతున్నంత సంబరంగా పోయి ఎక్కాను. పాసింజరు కాస్తా ఎక్స్‌ప్రెస్ అయింది. బోగీ అదే, సీటు చిరుగు అదే, పేరూ టికెట్టు ధరా మారాయి. మంచిర్యాల దాటాక లేచి పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. చిన్న స్టేషన్ వచ్చింది. బండి ఆగలేదు, నెమ్మదించను కూడా లేదు. ఖాళీ ప్లాట్‌ఫాం మీద రెండు మేకలు కనబడ్డాయి, అంతే. ఎక్కేవాళ్లు తక్కువని అక్కడ హాల్టు తీసేశారని పక్కనున్నావిడ చెప్పింది. నా సొంత ఇంటి గడప ఎవరో పెకిలించుకు పోయినట్టు అనిపించింది.

రోజూ ఆ స్టేషన్ దాటేటప్పుడు కిటికీ చువ్వలకు మొహం ఆనించి చూసేదాన్ని. ఒక ఆదివారం ఉండబట్టలేక మంచిర్యాల దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. అడ్డామీద హోటల్ దగ్గర దిగి, బెల్లంపల్లికి వంటకు పోయే అక్క ఇల్లు ఎక్కడ అని అడిగాను. పేరేంది అన్నారు. తెలియదు. ఇంటి పేరు? తెలియదు. ఆమె మొగడు ఏం పని చేస్తాడు? అదీ తెలియదు. చేతి మీద మచ్చ ఉంటుందన్నాను, బెండకాయ తినదన్నాను, నవ్వితే నోరు మూసుకుంటుందన్నాను. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "గట్లాంటోళ్లు మా ఊళ్లె ఇంటికొకలున్నరు బిడ్డా" అంది. అంతా నవ్వారు. నేనూ నవ్వి, చాయ తాగి, అదే ఆటోలో వెనక్కి వచ్చాను. దారంతా ఆమె మీదే కోపం. నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చొని పేరైనా చెప్పని మనిషి కోసం నేనెందుకు తిరగాలి అనుకున్నాను. నేనూ చెప్పలేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ ఊరివాళ్లు బండి ఆపమని అడిగారు, దరఖాస్తులు పెట్టారు, ఏమీ కాలేదు. చివరికి ఒక సాయంత్రం నేను బెల్లంపల్లి నుంచి వస్తుంటే బండి మెల్లగా, మెల్లగా పోయి ఆ స్టేషన్‌లోనే ఆగింది. రైల్‌రోకో అన్నారు. పట్టాల మీద ఊరంతా కూర్చుందట. బోగీలో ఒకాయన పనిలేనివాళ్లని తిట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన, ప్రైవేటుకు ఇస్తే ఇట్లాంటి వేషాలు సాగవు అన్నాడు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. సంచి భుజానికి వేసుకొని దిగేశాను. మొగులు పట్టి చినుకులు పడుతున్నాయి.

ఇంజను ముందు ఎర్రజెండాలు, గొడుగులు, నీళ్లసీసాలు. కాలేజీ పిల్లలు నినాదాలు ఇస్తున్నారు. ఆడవాళ్లు ఒక పక్కగా వరుసగా కూర్చున్నారు. ఒక్కో మొహమే చూసుకుంటూ పోయాను. చివరికంటా పోయాక కొంగు తల మీద కప్పుకొని ఒకామె పక్కామెతో ఏదో చెప్పి, చేత్తో నోరు మూసుకొని నవ్వింది.

నన్ను చూసి లేవలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చోగానే ముందు పేరడిగాను. చెప్పింది. నాదీ చెప్పాను. విన్న తర్వాత కూడా ఆ పేరు వేరే ఎవరిదో అన్నట్టే ఉంది, మళ్లీ అక్కా అనే పిలిచాను. జుట్టు బాగా నెరిసింది. బండి లేక ఆటో, బస్సు మారి పోయేసరికి పొద్దెక్కేదట, కొన్నాళ్లు చూసి రెండిళ్లవాళ్లూ వద్దన్నారట. ఇప్పుడు ఊళ్లోనే పత్తి ఏరను పోతున్నానంది. బండి ఆగితే మాత్రం ఆ ఇండ్లకు మళ్లీ పోయి అడుగుతానంది.

ఎవరి బండైతే ఏందని అన్నది నువ్వే కదా, ఇప్పుడు జెండా పట్టుకున్నావేమని దెప్పాను.

"అప్పుడు ఆగుతుండె గద చెల్లె" అంది. "ఆగేదాని మీద ఎన్ని మాటలన్న అంటం."

పోలీసులు వచ్చారు, తర్వాత రైల్వే అధికారి ఒకాయన జీపులో వచ్చాడు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మేమూ మాట్లాడుకున్నాం. బోగీల్లోంచి జనం అరుస్తున్నారు, ఎవరికో దవాఖానకు పోవాలట, ఎవరికో డ్యూటీ అట. దవాఖాన మాట విన్నప్పుడు నాకే తప్పనిపించింది. అయినా ఆ అధికారి ఇంకాసేపు బెట్టు చేస్తే బాగుండునని మొక్కుకున్నాను. ఇంత సిగ్గులేని మొక్కు నా జన్మలో మొక్కలేదు. చివరికి ఆయన, కొన్నాళ్లు ఆపి చూస్తాం, టికెట్లు అమ్ముడైతేనే ఉంచుతాం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి లేచారు. లేస్తూ అక్క నా చీర వెనక అంటిన మసి దులిపింది, నేను నంబరు తీసుకున్నాను.

ఫోను ఉన్నా మాకు పెద్దగా మాటలు దొరకలేదు. తిన్నవా అంటే తిన్న, మంచిదేనా అంటే మంచిదే. చేతుల్లో పని లేకుండా, ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడడం మా ఇద్దరికీ రాదు. అక్క బండెక్కాలి, ఎదురుగా కూర్చోవాలి, అప్పుడే అన్నీ అడుగుదామని ఆగాను. చాలా రోజులకు ఒక సాయంత్రం తనే ఫోన్ చేసింది. రేపటి నుంచి మా ఊళ్లో బండి ఆగుతుంది, బెల్లంపల్లికి టికెట్టు తీసుకుంటున్నానని చెప్పింది. ఆ మాట చాలు నాకు, ఇంకేమీ అడగలేదు.

మర్నాడు రామగుండంలో అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చొని, ఎదురు సీటు మీద నా సంచి పెట్టాను. మంచిర్యాలలో బోగీ నిండింది. నడివయసు మనిషి ఒకాయన సంచి తియ్యమన్నాడు. మనిషి వస్తది అన్నాను. ఎక్కడ ఎక్కుతారన్నాడు. ముందటి స్టేషన్‌లో అన్నాను. అక్కడ బండి ఆగదు కదమ్మా అన్నాడు. ఈ రోజు నుంచి ఆగుతుందని నేనే ఆపిస్తున్నంత పొగరుగా చెప్పాను. ఆయన గొణుక్కుంటూ నిలబడ్డాడు.

బండి ఆగింది. ప్లాట్‌ఫాం నిండా జనం. డప్పులు కొట్టారు, ఇంజనుకు దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. అక్క నా కిటికీ వెతుక్కుంటూ వచ్చింది. ఉతికిన చీర, చేతిలో టికెట్టు. నేను చెయ్యి బయటికి పెట్టి, "ఎక్కు అక్కా, జల్ది, సీటు పెట్టిన" అన్నాను.

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుంది. టికెట్లు తక్కువైతే మళ్లీ తీసేస్తారని, ప్రయాణం లేకపోయినా ఊళ్లో ఇంటికింతమంది అని వంతు పెట్టుకొని టికెట్లు కొంటున్నారట, ఈ రోజు ఆమె వంతు. ఆ రెండిళ్లకు ఫోన్ చేసి అడిగిందట కూడా. వాళ్లకు వేరే ఆమె కుదిరిందట, మంచిగానే వండుతుందట.

"అయితేంది, ఊరికెనే రా" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

"ఎక్కి ఏడికి పోవాలె చెల్లె?" అంది.

బండి కదిలింది. చువ్వల మీద ఆమె వేళ్లు మెల్లగా విడిపోయాయి. ప్లాట్‌ఫాం అయిపోయేదాకా వెనక్కి తిరిగి చూశాను. టికెట్టు చేతిలోనే పట్టుకొని జనంతో కలిసి ఊరివైపు నడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

నిలబడ్డాయన మెల్లగా వంగి, "మనిషొస్తదంటిరి గదమ్మా, ఏరి మరి?" అన్నాడు.

నేను సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కూర్చున్నాడు.