సొన వాసన పోయే మడుగు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, నాకు చెప్పడమూ అలాగే అలవాటు. ఈ పొద్దున మా మనవరాలు చిన్నరసం మామిడికాయ తొడిమ కొరికింది. సొన చిమ్మి పెదవి మీద పడింది. కొంగుతో తుడుస్తుంటే ఆ ఘాటు నా ముక్కుకెక్కి, మీరెన్నడూ చూడని మా సర్పంచి సీతారత్నం గారు కళ్ళ ముందు నిలబడ్డారు. ఆవిడ నా మీద కోప్పడ్డారో, నన్ను మెచ్చుకున్నారో ఈనాటికీ నాకు తెలియదు.

ఆవిడ తోటలున్న ఇంటి కోడలు. నేను ఆ తోటల్లో కాయ కోసే కూలిదాన్ని. మా పేట వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయినప్పుడు పేటంతా కలిసి నన్ను వార్డు మెంబరుగా నిలబెట్టి గెలిపించింది. మొదటి మీటింగుకు వెళ్ళి పంచాయతీ ఆఫీసు గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడ్డాను.

"ఏంటి నాగమ్మా, నీ పేటవాళ్ళు నిన్ను గెలిపించింది వాకిలి కాపలాకా?" అన్నారావిడ.

"కూర్చుంటే బాగుండదేమోనండి."

"నువ్వలా నిలబడితే తలెత్తి చూడలేక నా మెడ పట్టేస్తోంది. వచ్చి కూర్చో."

కూర్చున్నాను. ఆ రోజు దేనికి చెయ్యెత్తమన్నా ఎత్తాను. అందరూ వెళ్ళాక ఆవిడ నన్ను ఆపి, "దేనికెత్తావో చెప్పు చూద్దాం" అన్నారు. చెప్పలేకపోయాను. "నేను ఎత్తమన్నానని ఎత్తకు. తెలిసేదాకా చెయ్యి ఒళ్ళోనే పెట్టుకో" అన్నారు. ఆ మాట తిరిగి తిరిగి ఆవిడకే అడ్డం వస్తుందని ఆ రోజు మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

మా ఊరి వెనక గుట్ట ఉంది. దాని అడుగున ఎండాకాలంలో కూడా ఇంకని ఊట మడుగు. రెడ్డిగూడెం వైపు తోటల్లో కోసినా, విస్సన్నపేట వైపు కోసినా, సాయంత్రానికి మా ఆడవాళ్ళందరం ఆ మడుగుకే చేరేవాళ్ళం. సొన ఒంటి మీద ఉంటే పొక్కులు లేస్తాయి. మెత్తటి ఇసుకతో రుద్దుకుని, అరచేయి వాసన చూసుకుని, ఘాటు పోయిందనుకున్నాకే ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళం. ఇంతలో ఆ మడుగు ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. బెజవాడ నుంచి కుర్రాళ్ళు బైకులేసుకుని రావడం మొదలైంది.

అప్పుడు సర్పంచి గారికి ఒక ఆలోచన వచ్చింది. మడుగు చుట్టూ కంచె వేసి, గేటు కట్టి, టికెట్టు పెడదామన్నారు. ఆ డబ్బుతో మా పేటకు కుళాయిలు వేయిద్దామన్నారు. ఎన్నికలప్పుడు ఆవిడ మాకిచ్చిన మాటే అది.

"మరి మేం ఎక్కడ కడుక్కోవాలండి?" అని అడిగాను.

"కుళాయి ఇంటికొస్తే ఇంక మడుగెందుకే?"

"కుళాయి వచ్చేలోగానండి?"

ఆవిడ తీర్మానాల పుస్తకం తెరిచి తేదీ రాసుకున్నారు.

తీర్మానం రోజు సగం చేతులు లేచాయి, సగం లేవలేదు, తేల్చాల్సింది నా చెయ్యొక్కటే. అందరూ నా వైపు చూశారు. ఆవిడా చూశారు. నాకు కుళాయి కనిపిస్తోంది, మడుగూ కనిపిస్తోంది. ఏది సరో తెలియలేదు. తెలియలేదు కాబట్టి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. తీర్మానం వీగిపోయింది.

ఇంటికొస్తే మా తోడికోడలు, "చెయ్యెత్తడానికి అంత బరువేమొచ్చిందే? బిందె కంటేనా?" అంది. మా అత్త మాత్రం నా తల నిమిరింది. ఎవరి ముఖం చూడాలో తోచలేదు.

మర్నాడు సాయంత్రం మేం మడుగు దగ్గర ఉండగా ఆవిడ ఒక్కరే గట్టు దిగి వచ్చారు. నా బుట్టలోంచి ఒక కాయ తీసి, తొడిమ విరిచి, సొన తన అరచేతిలో కార్చుకున్నారు. "పొక్కుతుందండి" అన్నాను. వినిపించుకోలేదు. కాసేపు అలాగే ఉంచుకుని, మాలాగే ఇసుకతో రుద్ది కడిగి, వాసన చూసుకున్నారు.

"పోలేదే."

"ఒక్క కడుగుకి పోదండి."

మళ్ళీ కడిగారు. మళ్ళీ చూసుకున్నారు. గట్టెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత గేటు మాట ఎత్తలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా పేటకు కుళాయీ రాలేదు. నా మీద కోపమో మెచ్చుకోలో అడుగుదామంటే ఇప్పుడు ఆవిడ లేరు.

ఇప్పుడు కుళాయి ఉంది, రోజు విడిచి రోజు వస్తుంది. మడుగుకు గేటు పెడదామన్న మాట మళ్ళీ లేచింది. మొన్న గ్రామసభకు నేనూ వెళ్ళాను. చేతులెత్తమన్నారు. నా చెయ్యి ఒళ్ళోంచి లేచి, ముక్కు దాకా వెళ్ళి, అక్కడ ఆగింది. ఇంకా సొన వాసన వస్తూనే ఉంది.

మీ చెట్టు కాయ తియ్యగా పండాలి, మీ పిల్లల పెదవి పొక్కకూడదు, మీ ఇంటి బిందె అడుగు ఏనాడూ కనబడకూడదు. చల్లగా ఉండండి.